నెట్‌లో దొరికిన ఫొటో

"మళ్ళీ పంపాడు," అంటూ ప్రేమమణి ఫోన్‌ను క్యాంటీన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

హిమజ దాన్ని తిప్పి చదివింది. 'ఆ ఫొటో నీకేడ దొరికింది బిడ్డా? జెర చెప్పు.' పంపిన మనిషి పేరు దయాకర్. పొద్దుటి నుంచి అతనిది అదే ప్రశ్న.

బేగంపేటలోని ఆ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. ఆఫీసు నుంచి మెట్టుగూడలోని ఇంటికి వెళ్ళాక ప్రేమమణి కొలాజ్‌లు చేసుకుంటుంది. ఐడియాలన్నీ నెట్‌లోవే. ఈమధ్య ఒక విదేశీ బొమ్మ ఆమెకు నచ్చింది. మధ్యలో ఒక ముఖం, దాని చుట్టూ కాగితం పూలు. దాన్ని మన పద్ధతికి మార్చి, పాత శుభలేఖల బంగారు కాగితం, టైలర్ దగ్గర్నుంచి తెచ్చిన జాకెట్ గుడ్డ ముక్కలు అంటించింది. మధ్యలో రెండు జడల పడుచుపిల్ల, నలుపు తెలుపు ఫొటో. తయారు చేస్తున్నప్పుడు వీడియో తీసి పెడితే ఎన్నడూ లేనన్ని లైకులు వచ్చాయి. వాటితో పాటే ఈ మనిషీ వచ్చాడు.

"ఫొటో సుత నెట్లదే గదా?" అంది హిమజ.

"ఆ... నెట్‌లోదే."

"మరి గింత పరేషాన్ ఏందే? అందరు తీసుకుంటరు. కాపీరైట్ అంటడేమో, డిలీట్ కొట్టెయ్."

"కొట్టేసిన. అప్పటికే దాచిపెట్టుకున్నడు."

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి హిమజ పైకి చదివింది. 'వీడియోల నీ కిటికీ అవుతల చర్చి కనవడ్డది. మెట్టుగూడల గా చర్చి దగ్గర్నే ఉన్న. రేపు ఇల్లిల్లు అడుగుత.'

ప్రేమమణి ఫోన్ లాక్కుంది. గబగబా జవాబు కొట్టింది. 'ఇంటికి వద్దు. రేపు మధ్యాహ్నం బేగంపేట మెట్రో పక్కన హోటల్‌కు రండి.'

"నువ్వు సుత రావే హిమజా. ఒక్కదాన్నే పోలేను."

మర్నాడు వాళ్ళు వెళ్ళేసరికి అతను గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం. లేచి నమస్కారం పెట్టాడు.

"ఆ ఫొటోల ఉన్నది నా భార్య, బిడ్డా. చెప్పకుండ పోయింది. ముప్పై ఏండ్లాయె, నేను తిరగని ఊరు లేదు. ఒక్క ఫొటో సుత ఉంచలే." కళ్ళు తుడుచుకున్నాడు. "గీ వయసుల ఇంక ఏం గావాలె? ఒక్కసారి కండ్లార చూడాలె, గంతే."

హిమజ మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. "అయ్యో అంకుల్..."

"నాకు తెలియదండీ. నెట్‌లో దొరికింది, తీసుకున్నా," అంది ప్రేమమణి.

"నెట్ల ఏడ?"

"పాత ఫొటోలు పెట్టే పేజీ ఏదో. గుర్తు లేదు."

"ఆగు మణీ, ఫొటో పెట్టి వెతికితే దొరుకుతది," అంటూ హిమజ ఉత్సాహంగా ఫోన్ తీసి, అతని దగ్గరున్న వీడియోలోంచి ఆ ముఖాన్ని ఫొటో తీసుకుంది. ప్రేమమణి ఆపబోయి ఆగిపోయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతున్న గీతనే ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు.

"ఏం రావట్లేదు," అంది హిమజ నిరుత్సాహంగా.

"నెట్లదైతే నెట్ల ఉండాలె గద?" దయాకర్ గొంతు నెమ్మదిగానే ఉంది.

"ఆ పేజీ తీసేసి ఉంటారు. ఇలాంటివి రోజూ పోతుంటాయి."

చాయ్ పెడుతున్న సర్వర్ చేయి తొణికి, నాలుగు చుక్కలు తెల్ల చొక్కా మీద పడ్డాయి. దయాకర్ చటుక్కున అతని మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. సర్వర్ కెవ్వుమన్నాడు. మరుక్షణం వదిలేసి, "ఫర్వాలే, పో," అని నవ్వాడు. ప్రేమమణి తన చేతులు రెండూ బల్ల కిందికి తీసుకుంది.

"మీ ఇల్లు మెట్టుగూడలనే గదా బిడ్డా?"

"కాదు. వీడియో స్నేహితురాలి ఇంట్లో తీశాం. మాది ఏ.ఎస్. రావు నగర్."

హిమజ ఆశ్చర్యంగా చూడబోతే, బల్ల కింద ఆమె పాదాన్ని ప్రేమమణి నొక్కింది. తర్వాత సంచిలోంచి కొలాజ్ తీసి అతని ముందు పెట్టింది.

"మీరే తీసుకెళ్ళండి. నా దగ్గర ఉన్నది ఇంతే."

అతను ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. గోటితో ఒక మూల పీకాడు. రెండు కాగితం పూలు ఊడి చాయ్ మరకలో పడ్డాయి. ఫొటో వెనక తెల్లగా ఉంది. మామూలు ప్రింటు కాగితం.

"ప్రింటే," అన్నాడు తనలో తాను. భుజాలు జారిపోయాయి. "నెట్లదే అయితే."

కొలాజ్‌ను మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. వాళ్ళిద్దరూ వెనకే మెట్ల దాకా వచ్చారు. అతను రోడ్డు దాటి జనగామ వెళ్ళే బస్సు ఎక్కాడు.

"పాపం మణీ. గట్ల ఏడుస్తుంటే నీకు జెర సుత జాలి లేదా? ఇల్లు ఏడ అంటే అబద్ధం ఎందుకు?"

"కొత్త మనిషికి అడ్రస్ చెప్తమా?"

"అది కూడా నిజమే లే." హిమజ ఆఫీసు వైపు నడిచింది. "జల్ది రా, మీటింగ్ ఉంది."

బస్సు ఫ్లైఓవర్ ఎక్కి కనుమరుగయ్యేదాకా ప్రేమమణి అక్కడే నిలబడింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. అవతల ఎత్తారు గానీ మాట లేదు, ఊపిరి మాత్రమే వినిపిస్తోంది.

"నాన్న వెళ్ళిపోయిండమ్మా, ఇంక గడియ తియ్యి," అంది.