బుల్లోడి తలంటు

కాకినాడలో ఇంటికో నేలమొసలి వచ్చాక ఎలుకల మందు అమ్మేవాళ్ళు వేరే పని చూసుకున్నారు. ఇరవై కోట్ల ఏళ్ళ కిందట మొసళ్ళ తాతముత్తాతలు పిల్లి సైజులో ఉండి, పొడుగు కాళ్ళతో నేలమీద పరిగెత్తేవట. ల్యాబులో మళ్ళీ పుట్టించింది వాటినే. నీళ్ళు అలవాటైతే మాత్రం అమ్మిన కంపెనీ వాళ్ళు వెనక్కి పట్టుకుపోతారు.

ఈ రూలు లిఖిత తన మామ్మకి చెప్పడం మర్చిపోయింది. మామ్మేమో ఇంట్లో నేలమొసలి బుల్లోడికి ప్రతి శనివారం తలంటి పోసింది. ఇప్పుడు వాడు తొట్టిలో ముక్కు మాత్రం పైకి పెట్టి, కళ్ళు అరమోడ్చి గంటలు గంటలు తేలుతున్నాడు.

ఇవాళ పరీక్ష. కంపెనీ ఆయన హాల్లో నీళ్ళ తొట్టి పెట్టి, "వదలండమ్మా" అన్నాడు. లిఖిత వాణ్ణి కిందకి దించింది. బుల్లోడు తొట్టి దాకా పరిగెత్తి, నీళ్ళకి మూతి ఆనించి చూశాడు. చటుక్కున వెనక్కొచ్చి మామ్మ కాళ్ళ దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"వీడికి నీళ్ళంటే పడదండీ," అంటూ ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

"పడకపోవడమేంటే," అంది మామ్మ. "ఆ చన్నీళ్ళు ఎవడు పోసుకుంటాడు? నూనైనా రాయలేదు."

లిఖిత తలుపు గడియ వేసి వేన్నీళ్ళు తోడింది. ఆవిరి మధ్య బుల్లోడు పొడుగు కాళ్ళు మడుచుకుని నెమ్మదిగా మునిగాడు. అలా నీళ్ళలోకి దిగడానికి వాడి జాతికి కోట్ల ఏళ్ళు పట్టింది.

"కుంకుడు రసం పోస్తన్నాను, కళ్ళు మూసుకో నాన్నా," అంది మామ్మ.

మూసుకున్నాడు.