ముట్టుకున్న చెయ్యి

"చెయ్యి తియ్! నా సంచి ముట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

అనలిన్ అరుపుకి షెడ్డులో ఉన్న నలుగురూ తలలు తిప్పారు.

ముసలాయన చెయ్యి తీశాడు. ఆ చేతికి మూడే వేళ్ళు. కాళ్ళకి రబ్బరు చెప్పులు, రెండో చేతిలో చీపురు. అప్పటికే ఆమె పారాచూట్ సంచి మూత ఎత్తి లోపలి కార్డు చదివేశాడు.

విమానంలోంచి దూకేవాళ్ళ లోకంలో ఒకరి సంచిని ఇంకొకరు అడక్కుండా ముట్టుకోవడం మహా తప్పు. చెంప మీద కొట్టినా క్షమిస్తారు గానీ దాన్ని క్షమించరు.

"గడువు దాటిపోయిందమ్మాయ్," అన్నాడాయన నెమ్మదిగా.

ఆ సంచిలో పారాచూట్లు రెండుంటాయి. మొదటిది ఎవరిది వాళ్ళు మడుచుకుంటారు. అది మొరాయిస్తే ఆదుకోవడానికి రెండోది. దాన్ని ఆరు నెలలకోసారి విప్పి, లైసెన్సు ఉన్న మనిషే మళ్ళీ మడిచి, కార్డు మీద సంతకం పెట్టాలి.

"పది రోజులే కదా తాతా!"

"పది రోజులేనని నేలకి ఎవరు చెప్తారు?"

నలుగురూ పకపకా నవ్వారు. అనలిన్ ముఖం కందగడ్డయింది.

ఆమెది మనీలా. బ్యాంకాకులో బడిపిల్లలకి లెక్కలు చెబుతూ మూడేళ్ళయింది. సొంత ఊళ్ళో వారం వారం ఆకాశంలోంచి దూకిన మనిషి, ఇక్కడ మంచి చోటు దొరక్క అల్లాడిపోయింది. మొదటి చోట విమానం తలుపుని తాడుతో కట్టారు. రెండోచోట దిగాల్సిన మైదానంలో గేదెలు తిరుగుతున్నాయి. పైగా రెండుచోట్లా ఆమె సంచిని చూసిన పాపాన ఎవరూ పోలేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది. ఈ మూడోది కూడా కుదరకపోతే సంచి అమ్మేసి, ఇక ఆ సరదాకి నీళ్ళు వదిలేసుకుందామని వచ్చింది. అలా అనుకున్న రాత్రి ఏడ్చింది కూడా.

చూడకపోతే చూడలేదని కోపం, చూస్తే చూశారని కోపం. మనిషి బుద్ధి!

విసవిసా ఆఫీసుగదిలోకి వెళ్ళింది. మేనేజరు ఉరై లేచి నమస్కారం పెట్టింది.

"మీ దగ్గర ఊడ్చేవాళ్ళు కూడా సంచులు తనిఖీ చేస్తారా?"

ఉరై ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"ఆ వేళ్ళు లేని చేత్తో నా ప్రాణాన్ని కెలకొద్దని చెప్పండి. ఆయన తిరిగే చోట నాకు నమ్మకం కుదరదు. మడవడం తెలిసిన నిపుణుడెవరైనా ఉంటే ఆయనకివ్వండి."

ఉరై చిరునవ్వు నవ్వింది. ఆ దేశంలో ఆ నవ్వుకి అవుననీ అర్థం ఉంది, కాదనీ ఉంది.

"నిపుణుడికే ఇస్తానండీ. రేపు పదింటికి రండి."

మర్నాడు ఆకాశం నిర్మలంగా ఉంది. అనలిన్ పదమూడు వేల అడుగుల ఎత్తు నుంచి దూకింది.

తను మడుచుకున్న మొదటి పారాచూట్ తెరుచుకుంటూనే తాళ్ళు మెలిపడి ఓ పక్కకి ఒరిగింది. ఆమెని గిరగిరా తిప్పేసింది. కాళ్ళు తన్నింది, తాళ్ళు విదిలించింది. లాభం లేకపోయింది.

ఎర్ర పిడి లాగి దాన్ని వదిలించుకుంది. రెండో పిడి లాగింది.

నెత్తిమీద తెల్లగా, మెత్తగా విచ్చుకుంది రెండోది.

కర్రపెండలం చేలో దిగి, మట్టిలో కూలబడి, కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత నవ్వుకుంది. దొరికింది, ఇన్నాళ్ళకి మంచి చోటు దొరికింది!

రెండో పారాచూట్ ప్రాణం కాపాడితే, దాన్ని మడిచిన మనిషికి ఓ మంచి మద్యం సీసా ఇచ్చుకోవడం దూకేవాళ్ళ ఆనవాయితీ. అనలిన్ బట్టలు కూడా మార్చుకోకుండా బజారుకి పరిగెత్తి, అన్నిటికన్నా మేలైన సీసా కొని, దాని మెడకి మల్లెదండ కట్టి తెచ్చింది.

"ఆయనెక్కడ? చూపించండి. కాళ్ళకి మొక్కుతాను."

ఉరై నవ్వలేదు. సంచిలోని కార్డు తీసి చేతికిచ్చింది. కింద ఒకటే సంతకం. బున్‌లెర్ట్.

"ఈయనెవరు?"

"నిన్న మీ సంచి ముట్టుకున్నాయన. ఇక్కడ రెండోది మడిచే లైసెన్సు ఆయనొక్కడికే ఉంది. పరిచే చోట ఇసుక రేణువు కూడా ఉండకూడదని నేల సైతం తనే ఊడ్చుకుంటాడు."

అనలిన్ ఆ సంతకాన్ని మళ్ళీ చదివింది.

"నిన్ననే చెప్పొచ్చు కదండీ!"

"గుమ్మంలోకొచ్చిన మనిషిని ముఖం మీదే మీరు తప్పని ఎలా అనమంటారు? నాకు నోరు రాలేదు."

"సరే, ఎక్కడున్నాడు? క్షమించమని అడుగుతాను."

"పొద్దున బస్సుకి ఊబోన్ వెళ్ళిపోయాడండీ, కూతురి దగ్గరికి. దూకేవాళ్ళకి నమ్మకం లేని చెయ్యి సంచులు ముట్టకూడదట. ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి. బతిమాలాను, వినలేదు. వచ్చే వారం నుంచి ఎవరిచేత మడిపించాలో తెలియడం లేదు."

సీసా బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడింది అనలిన్.

"నేనన్న మాట ఆయనకెందుకు చెప్పారు?"

"నేను చెప్పలేదండీ," అంది ఉరై. "మీరు అంటున్నప్పుడు ఈ కిటికీ అవతలే నించున్నాడు; అంతా విన్నాకే లోపలికొచ్చి, 'ఆ అమ్మాయి రేపు దూకాలి కదా, ఇదొక్కటీ మడిచి వెళ్తాను' అని చేతులు కడుక్కుని మీ సంచి ముందు కూర్చున్నాడు."