చూడి బర్రె ఆగదు

ఇంటింటికీ కుళాయిలో ఫ్యాక్టరీ పాలు వస్తున్నప్పుడు పశువైద్య కళాశాల ఎందుకన్నారు కొందరు. ఉంచాలో మూయాలో ప్రభుత్వం తేల్చలేదు. తేలేదాకా అడ్మిషన్లు ఆపమంది. ఆఖరి బ్యాచ్ కూడా వెళ్లిపోయింది.

“సర్కారోళ్లు ఏమన్నరు మేడం?” బర్రె తోక పక్కకు పట్టుకుని అడిగాడు కొట్టం చూసే కొమురయ్య.

“ఆగమన్నారు.”

“ఇది ఆగదు గద మేడం. నెలలు నిండొస్తున్నయ్.”

ప్రిన్సిపాల్ హైమవతి భుజందాకా తొడుగు వేసుకుని, మెల్లగా చెయ్యి లోపలికి పోనిచ్చింది. వేళ్లకు దూడ కాలు తగిలి, కదిలింది. ఆమె చెయ్యి తీసి, ఏళ్ల అలవాటుగా పక్కకు జరిగి, వెనక్కి చూడకుండానే అంది:

“కాలు తెలుస్తోంది. ఒక్కొక్కరే వచ్చి చూడండి.”

వెనకాల, విద్యార్థులు నిలబడే చోట, ఎవరూ లేరు.

కొమురయ్య తోకను పగ్గానికి కట్టేశాడు. తనూ ఒక తొడుగు వేసుకుని, వచ్చి ఆమె వెనకాల వరుసలో నిలబడ్డాడు.