నిన్ననే నింపాను

ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ఆయన దృష్టిలో ముద్దాయి ఒక్కరే, కట్టుకున్న భార్య. కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉన్నా సరే, “ఎక్కడ సర్దిపెట్టావ్?” అన్న అరుపు వంటింటిదాకా రావాల్సిందే. ఆ అరుపు సముద్రం మీదకి కూడా వెంట వస్తుందని ఆమె అనుకోలేదు.

“నీళ్ళు తోడే మగ్గు ఎక్కడ సర్దిపెట్టావ్?”

“పెట్టిన చోటే ఉంటుంది. చూడండి.”

“ముందు బల్ల కింద లేదు!”

“అయితే వెనక బల్ల కింద చూడండి. వంగడం వస్తే.”

గాలి జుట్టు పీకేస్తోంది. అల ఒకటి పడవ మూతి మీద పగిలి, ఇద్దరి ఒళ్ళోనూ ఉప్పునీళ్ళు కుమ్మరించి పోయింది. పోయిన ఆదివారం ఆమె పడవంతా కడిగి సర్దిన మాట నిజమే. ఏది ఎక్కడ పెట్టిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఆ సంగతి చచ్చినా ఆయనకు చెప్పదు.

మగ్గు దొరకలేదు. వెనక బల్ల కింద లైఫ్ జాకెట్లు మాత్రం దొరికాయి. ఆమె ఒకటి తొడుక్కుంది కానీ ఎంత లాగినా బకిల్ పడలేదు.

“పోయిన నెల పట్టింది కదా ఇది?” అని గొణిగింది.

“జాకెట్ అదే. మారింది మనిషి,” అన్నారాయన.

ఆ మాటతో పొద్దుటి నుంచీ ఉడుకుతున్నది కాస్తా పొంగింది. రేవులో జెండాలు చిరిగిపోయేలా కొట్టుకుంటున్నాయి, ఇవాళ షికారు వద్దని కార్లోనే చెప్పింది. “గాలికి జడిసేవాళ్ళం పడవెందుకు కొన్నట్టు?” అన్నారు కెప్టెన్‌గారు. ఆ తెల్లటోపీ కొన్నప్పటి నుంచీ ఇంట్లో ఆయన పేరు అదే. రేవులో సగం మంది అదే దుకాణంలో, అదే తగ్గింపు ధరకు కొన్న తెల్ల పడవని తనకోసమే ప్రత్యేకంగా చేయించినట్టు చెప్పుకుంటారు. మాటకు మాట పెరిగింది. ఆయన కారు తాళం వేసేలోపు ఆమె విసవిసా చెక్కవంతెన మీదకు నడిచి, టార్పాలిన్ ఒక్క గుంజు గుంజి, తాడు విప్పి, మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఆయన వెనకే దిగి, మోటారు స్టార్ట్ చేస్తూ కూడా వాదిస్తూనే ఉన్నారు.

ఇప్పుడా మోటారు రెండుసార్లు దగ్గి, ఊరుకుంది.

ఆయన స్టార్టరు తాడు లాగారు. మళ్ళీ లాగారు. మూత తీసి ట్యాంకులోకి తొంగి చూశారు.

“ఏమైంది?”

“ఖాళీ.”

“నింపానన్నారు?”

“నిన్ననే నింపాను!”

“నింపితే ఎవరు తాగారు, చేపలా?”

“నిన్న సాయంత్రం నేనే వచ్చి, ఈ చేతుల్తో, మూతిదాకా నింపానే!”

“ఎండిపోయిన ట్యాంకు ముందు పెట్టుకుని కూడా నింపానంటారు! మిమ్మల్ని ఏమనాలండీ?”

గాలి పడవను అడ్డంగా తిప్పి, రేవు బయటి రాళ్ళకట్ట వైపు నెట్టసాగింది. అలలు ఆ కట్టకు కొట్టుకుని తెల్లగా లేస్తున్నాయి. ఆ చప్పుడు వినగానే ఇద్దరూ చెరో తెడ్డు అందుకున్నారు. ఎవరి కసి కొద్దీ వాళ్ళు లాగడంతో పడవ ఉన్నచోటే గిర్రున తిరిగింది.

“నాతోపాటు లాగు! ఒకటి... రెండు...”

“మీ లెక్క నాకక్కర్లేదు!”

“ఆ రాళ్ళకు కొట్టుకుంటే పోతామే!”

“పోదాం. పోయేలోపు మీ నోటితో ఒక్కసారి వినాలి నేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ‘తప్పు నాది’ అన్నారా? గోడగడియారం మీరు పడేస్తే తప్పు మేకుది. దారి తప్పితే తప్పు ఊరు కట్టినవాళ్ళది. మగ్గు లేకపోతే నాది, జాకెట్ పట్టకపోతే నాది!”

“ఇప్పుడా ఈ పంచాయితీ?”

“ఇప్పుడే. ఒప్పుకోండి, లాగుతాను.”

తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. రాళ్ళ మీది అలల హోరు దగ్గరవుతోంది. అయినా పట్టు వదల్లేదు.

అల పడవను ఎత్తి కుదేసింది. పాదాలు నీళ్ళలో మునిగాయి. రాళ్ళ మీది నాచు కూడా కనిపిస్తోంది. ఆయన రాళ్ళ వైపు చూశారు. ఆమె వైపు చూశారు. రెండింటిలో రాళ్ళే కాస్త మెత్తగా కనిపించినట్టున్నాయి.

“సరే! నింపలేదు! నింపాననుకున్నాను, మర్చిపోయినట్టున్నాను. తప్పు నాది! చాలా?”

“గాలిలో సరిగ్గా వినపళ్ళేదు.”

“తప్పు నాదే తల్లీ! లాగు!”

ఆమె లాగింది. ఇన్నేళ్ళ కోపమూ చేతుల్లోకి దిగింది. “ఒకటి... రెండు...” అని ఈసారి ఆమే అరిచింది, ఆమె లెక్కకు ఆయన లాగారు. పడవ రాళ్ళను వెంట్రుకవాసిలో తప్పించుకుని, రేవులోపలి నిలకడ నీళ్ళలోకి వచ్చిపడింది.

చెక్కవంతెన చేరేసరికి ఆయన టోపీ గాలిపాలైంది, గొంతు బొంగురుపోయింది. బల్ల మీద కూలబడి, “డబ్బా ఎత్తి పోసింది కళ్ళకు కట్టినట్టుందే నాకు. అయినా ట్యాంకు ఖాళీ. మతి పోతోందేమో... రేపు డాక్టరుకు చూపించుకుంటాను,” అన్నారు. వెటకారం కాదు. నిజంగానే భయపడ్డారు.

ఆమెకు జాలేసింది. అయినా గెలుపు గెలుపే. ఈ ముచ్చట ఆడపడుచుకు ఫోన్‌లో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలా అనుకుంటూ, తాడు గుంజకు వేయబోయి పక్క గుంజ వైపు చూసింది. చేతిలో తాడు చేతిలోనే ఉండిపోయింది.

“ఏంటలా నిలబడ్డావ్? మళ్ళీ చెప్పించుకోవాలా?” అన్నారాయన.

 ఒకసారి పక్కకు, ఒకసారి ఆయన వైపు చూసింది. నోరు మూసుకుంటే సరిపోయేదే. ఆయన మాత్రం ఖాళీ ట్యాంకునే చూసుకుంటూ కూర్చున్నారు.

“తప్పు నాదండీ, ఇది మన పడవ కాదు.”