కదిరమ్మకు తోడు

"లేచినావా అక్కా?" అంటూ మదీనాబీ తలుపు నెట్టింది.

కదిరమ్మ మంచం మీద కూర్చునే ఉంది, దువ్వెన ఒళ్లో పెట్టుకుని, వాకిలి వైపే చూస్తూ. "నువ్వు రాకుంటే నాకు తెల్లారినట్లే ఉండదు" అంది.

ఆ మాట కోసమే మదీనాబీ పొద్దున్నే నీళ్లు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వీధి దాటి వస్తుంది. తనకల్లు ఊళ్లో ఒంటరిగా బతికే పెద్దవాళ్లకు సాయం చేయడానికి యేసన్న ఒక సేవాబృందం నడుపుతున్నాడు. జీతాలుండవు, మనసున్నవాళ్లు వస్తారు. కదిరి నుంచి వచ్చి కొత్తగా అద్దెకు దిగిన కదిరమ్మకు చూపు ఆనదనీ, పొద్దునపూట కాస్త తోడుండమనీ అతనే అడిగాడు. మదీనాబీ కాదనలేకపోయింది. ఒకరికి చేయడమే గానీ చేయించుకోవడం ఎరగని మనిషి.

అంతకుముందు రోజులు ఆమెకు సరిగ్గా గుర్తులేవు. భర్త హజరత్ వలి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో ఎప్పుడూ దూది తేలుతూ ఉండేది. ఆయన పోయాక కూడా తను చాలాకాలం ఆ దూదిలోనే పడుకుని ఉన్నట్లు, ఎవరెవరో దూరం నుంచి పిలుస్తున్నట్లు, అంతా మధ్యాహ్నపు కలలా ఉంటుంది.

కదిరమ్మతో వేగడం మాత్రం మాటలు కాదు. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి వేసే రకం. ఒక్కతే తింటే ముద్ద దిగదట, మదీనాబీ కూడా కూర్చుని సంగటి తినాల్సిందే. ఊరిబిండి పచ్చడిలో ఉప్పు చాలలేదని మళ్లీ నూరిస్తుంది. బీపీ మాత్ర వేసుకోమంటే, ముందు నీది నువ్వు వేసుకో, చూసి నేను వేసుకుంటానని చంటిపిల్లలా పేచీ పెడుతుంది.

తర్వాత చెయ్యి పట్టుకుని ఊరి బయటి గుండురాయి దాకా నడిపించాలి. అక్కడ గాలి చల్లగా ఉంటుంది. చుక్క రాల్చని మబ్బులు వేరుశనగ చేల మీద నీడలు పరిచి, వాటిని మళ్లీ చుట్టుకుని కర్ణాటక వైపు పోతుంటాయి. ఆ నీడల్లో కూర్చుని కదిరమ్మ హజరత్ వలి గురించి అడుగుతుంది. మొదట్లో మదీనాబీ మాట మార్చేసేది. ఇప్పుడు ఆయన గురక గురించి కూడా నవ్వుతూ చెబుతోంది.

ఆ రోజు వాళ్లు తిరిగొచ్చేసరికి యేసన్న వాకిట్లో ఉన్నాడు. మదీనాబీని పక్కకు పిలిచాడు.

"కదిరమ్మక్క ఇప్పుడు బాగానే ఉండాది గదమ్మా. నువ్వింక దినామూ రాకపోయినా జరుగుతాదేమో."

రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? ఎవరికోసం పొయ్యి వెలిగించాలి? ఆ దూది మళ్లీ మీదికి వస్తున్నట్లే అనిపించింది. మదీనాబీకి భయం వేసింది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి ఆ క్షణాన కదిరమ్మను మంచాన పడేసినంత పని చేసింది.

"ఏం బాగుండాది నాయనా? అడుగు తీసి అడుగెయ్యలేదు. నేను రాకుంటే సంగటి గూడా తినదు. ఇంకొన్నాళ్లు నన్ను రానీ."

యేసన్న ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నాడు.

మదీనాబీకి ప్రాణం లేచి వచ్చింది. రేపు పెందలాడే వస్తానని కదిరమ్మకు చెప్పి, చిన్నపిల్లలా వడివడిగా వెళ్లిపోయింది. ఆమె సందు తిరిగేదాకా ఇద్దరూ గడపలో నిలబడి చూశారు.

అప్పుడు యేసన్న మెల్లగా అడిగాడు: "కదిరమ్మక్కా, మదీనాబీని ఇంకొన్నాళ్లు చూసుకుంటావా?"