ఇటుకలు కట్టిన గుమ్మం

ఆ సాయంత్రం కూడా ఆ మనిషి వచ్చి, ఇటుకల గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఒర్నెల్లా వంటింటి కిటికీలోంచి కిందికి చూసి పళ్లు కొరికింది.

ఇటలీలోని గుబ్బియో ఊళ్లో పాత ఇళ్లకు ఉన్నట్టే, ఆరువందల ఏళ్ల ఆ రాతి ఇంటికీ రెండు గుమ్మాలు. వెడల్పుది బతికినవాళ్లకు. దాని పక్కనే, వీధి నుంచి మోకాలెత్తున, శవపేటిక పట్టేంత సన్నగా ఉన్నది పోయినవాళ్లకు. పేటిక దాటగానే దాన్ని ఇటుకలతో మూసేస్తారు, చావు అదే దారిన తిరిగి రాకుండా.

చివరిసారి తెరిచింది ఒర్నెల్లా తండ్రి కోసం. అప్పటికి ఒర్నెల్లా ఇంకా తల్లి కడుపులోనే ఉంది. ఇప్పుడామెకు యాభై రెండేళ్లు.

తల్లి సెత్తీమియా మంచం పట్టి ఏడాది. చలికాలం దాటదన్నాడు డాక్టరు. దాటింది.

రోజూ చర్చి గంటలు మోగే వేళకు ఒకటే మాట అడిగేది.

"ఉన్నాడా?"

ఎవరంటే చెప్పేది కాదు.

ముసలామె ఉన్న ఇల్లని కనిపెట్టి ఏ దొంగో మాటు వేశాడని ఒర్నెల్లా అనుమానం. కిందికి దిగి, ఊళ్లో ఇంకో గోడ దొరకలేదా అని నిలదీసింది.

అతనికి ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. నల్ల టోపీ, దాని అంచున కాలిన చిల్లు.

"చలిగాలి. లోపలికి వెళ్లు చిట్టితల్లీ."

"చిట్టితల్లా? నీ తల్లి వయసుదాన్నిరా నేను."

అతను నవ్వాడు. వీపు మాత్రం గోడ నుంచి తీయలేదు.

ఆమె పైకెళ్లి, గిన్నెలు కడిగిన నూనె నీళ్లు బకెట్‌తో ఎత్తి కిటికీలోంచి గుమ్మరించింది.

అతను తడిసిన టోపీని సర్దుకుని పైకి చూశాడు.

"ఇంటివాళ్లు పొమ్మంటే నేనిక నిలబడకూడదు," అన్నాడు. వీధి మలుపు తిరిగాడు.

"ఉన్నాడా?" అంది తల్లి.

"తరిమేశాను."

ముసలామె జుట్టు ముడి విప్పుకుంది.

"అయితే నా తల దువ్వు," అంది.

తెల్లారేసరికి పోయింది.

గుమ్మం తెరవడానికి మేస్త్రీ నజ్జరేనో వచ్చాడు. ఎనభై ఏళ్లవాడు. అప్పట్లో తండ్రి పేటిక వెళ్లాక ఆ ఇటుకలు కట్టిందీ ఆయనే. పై వరసలు విప్పి, సందులో చెయ్యి పెట్టి ఏదో బయటికి లాగాడు.

"మీ నాన్నది. 'కాపలా ఉంటాడు, లోపల పెట్టి కట్టు' అంది మీ అమ్మ."

ఒర్నెల్లా చేతులు చాచి అందుకున్న ఆ నల్ల టోపీ అంచున కాలిన చిల్లుంది, యాభై రెండేళ్లుగా గోడలో ఉన్న దానిలోంచి గిన్నెలు కడిగిన నీళ్లు ఇంకా కారుతున్నాయి.