నలభై ఒకటో గోడ

హుజూర్‌నగర్‌లో వకీలు గ్లోరీ బోర్డును ఎవరైనా రెండుసార్లు చదువుతారు. "పగిలిన గోడల కేసులు మాత్రమే" అని ఉంటుంది దాని మీద.

విడాకుల కేసులు తీసుకోదు. భూమి తగాదాలను పక్క గదికి పంపిస్తుంది. సిమెంటు కోసం సున్నపురాయి క్వారీల్లో పేలుళ్లు జరుపుతారు కదా, ఆ అదురుకు బీటలు వారిన ఇళ్లే ఆమె వకాలతు. బార్ రూములో ఆమెకు 'పగుళ్ల వకీలు' అని పేరు పెట్టారు.

"గోడలకు చెవులుంటయంటరు. జర నోరు గూడ ఉంటే నువ్వు కేసులు గెలుద్దువు బిడ్డా" అని సీనియర్లు ఆటపట్టించేవాళ్లు.

"అన్ని కేసులు చేసేటోళ్లు గల్లీకి నలుగురున్నరు సార్. ఒక్కటే చేసేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గద" అనేది గ్లోరీ.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడేళ్లయినా ఒక్క కేసూ గెలవలేదు, బోర్డు మాత్రం దించలేదు.

పగుళ్ల లెక్క పట్టే విద్య ఆమెకు నేర్పింది నాయిన సాల్మన్. తాపీ మేస్త్రీ. చీలిక మీద అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి, పక్కన తేదీ రాయాలి. చీలిక పెరిగితే గాజు పుటుక్కుమంటుంది. మేళ్లచెరువు అవతల రాళ్లగూడెంలో నలభై ఇళ్లకు గ్లోరీ అలా గాజుముక్కలు అతికించింది. నెల తిరక్కుండా నలభైకి నలభై పగిలాయి. క్వారీ నడిపే సిమెంటు ఫ్యాక్టరీ మీద నలభై కుటుంబాల తరఫున దావా వేసింది.

ఫ్యాక్టరీ తరఫున హైదరాబాద్ నుంచి గోపీకృష్ణ అనే పెద్ద వకీలు దిగాడు. "గాజుముక్క పగలడానికి పేలుడే కావాలా? పిడికిలి చాలదా?" అన్నాడు. ఆ మాటా నిజమే అనిపించింది జడ్జిగారికి. వెళ్లి కళ్లారా చూసి రమ్మని జుల్ఫికర్ అనే వకీలును కమిషనర్‌గా వేశారు.

ఆయన రిపోర్టు ఎటు తిరిగితే కేసు అటే. అది ఎదురు తిరిగితే ఆ నలభై ఇళ్లవాళ్లకు గోడలు ఎప్పుడు మీద పడతాయో అన్న భయమే మిగులుతుంది. గ్లోరీకి బోర్డు దించక తప్పదు.

కమిషనర్ వచ్చిన రోజు క్వారీలో తాటాకు టపాకాయ కూడా పేలలేదు. కంపెనీ మేనేజరు ఊళ్లోకి రాలేదు. వస్తే ఆడవాళ్లు చీపుర్లతో స్వాగతం చెబుతారని ఆయనకు తెలుసు. గోపీకృష్ణ ఒక్కడే కారు దిగాడు. రాళ్లగూడెం మొహం ఆయన చూడటం అదే మొదలు.

గ్లోరీ కమిషనర్ చేతికి జాబితా ఇచ్చింది. చూడాల్సిన గోడలు నలభై ఒకటి.

"ఆఖరుదాంతోని షురూ చేద్దాం సార్. క్వారీకి అదే దగ్గర" అంది.

ఊరి చివర రంగు వెలిసిన డాబా అది. బిక్షమ్మ చీపురుతో వాకిట్లో నిలబడి ఉంది. దావా కాగితం మీద మొదటి వేలిముద్ర ఆమెదే. మాటకు నాలుగు మాటలు అప్పజెప్పే మనిషి. అందుకే "అవ్వా, సార్లు అడిగేదాక నోరు తెరవకు" అని గ్లోరీ పొద్దున్నే ఒట్టు వేయించుకుంది. బిక్షమ్మ పెదవులు బిగబట్టుకున్న తీరు చూసి, ఆ ఒట్టు ఎంతసేపు నిలుస్తుందో అనుకుంది గ్లోరీ.

లోపల చీలిక పైకప్పు నుంచి నేలదాకా దిగింది. అందులో అరచెయ్యి దూరుతుంది.

గోపీకృష్ణ పెదవి విరిచాడు. "కమిషనర్ గారూ, ఇది పేలుడుకు పగిలింది కాదు. కట్టడమే తప్పుల తడక. పునాది సరిగ్గా తియ్యలేదు. ఇంజనీరన్నవాడు ఇటు తొంగి కూడా చూసి ఉండడు."

జుల్ఫికర్ తలవంచుకుని రాసుకుంటున్నాడు.

గోపీకృష్ణ గోడను గోటితో గీకాడు. పొడి జలజలా రాలింది. "ఇదీ ఒక సిమెంటేనా? పిండి! ఇలాంటి సరుకు తయారుచేసేవాణ్ణి జైల్లో వెయ్యాలి. మేస్త్రీ ఎవడో గానీ చేతివాటం చూపించాడు."

మేస్త్రీ అనగానే గ్లోరీకి చురుక్కుమంది. నాయిన కాయలు కాసిన చేతులు కళ్లముందు మెదిలాయి. అయినా కోపాన్ని మింగేసింది.

"అంటే పేలుడుకు పగల్లేదని మీరు గట్టిగనే అంటున్నరా సార్?"

"నూటికి నూరుపాళ్లు! సరిగ్గా కడితే పక్కన పిడుగు పడినా చెక్కు చెదరదు. నా మాటగానే రాయండి."

"సంతకం గూడ పెడ్తరా?"

"ఒకటేం ఖర్మ, రెండు పెడతాను." కలం లాక్కుని అన్నంత పనీ చేశాడు.

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. గోపీకృష్ణ మనసు కరిగింది. "ఏడవకమ్మా. తప్పు నీది కాదు, కట్టినవాళ్లది" అన్నాడు మెత్తగా.

జుల్ఫికర్ కాగితం అడుగున ఆగాడు. "ఇంటి యజమాని పేరొక్కటే మిగిలింది. నీ పేరే రాయాల్నా బిక్షమ్మా?"

ఇక చెప్పమన్నట్టు గ్లోరీ తలూపింది.

బిక్షమ్మ కొంగు తీసి, పొద్దుటి నుంచి ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వి, "నాదేడిది సారూ, నేను రోజు ఊడ్శిపోయేదాన్ని, గిది గా సారోళ్ల కంపిని గెస్టు హౌసు, వాళ్ల ఇంజనీర్లే నిలవడి వాళ్ల సిమెంటుతోనే కట్టిచ్చిండ్రు!" అంది.